పాదం నుంచి మొహం దాకా

మా నాయనకి మనిషి వొంట్లో ఒక్క భాగమే గీయడం వచ్చు. పాదం.

చెప్పులు కుట్టించుకునే రైతు మా మాదిగవాడకి రాడు. నాయనే ఊళ్లోకి పోవాలి. నాయన అరుగు కింద కూచుంటే రైతు అరుగు మీద నుంచి కాలు కిందికి దించుతాడు. నాయన తోలుముక్క నేలమీద పరిచి ఆ పాదం చుట్టూ బొగ్గుముక్కతో గీత గీస్తాడు. మడమ దగ్గర మొదలుపెట్టి, లోపలి వంపు దగ్గర బొగ్గుని కొంచెం వాల్చి, బొటనవేలు చుట్టి, చిటికెనవేలు దిగి, మళ్లీ మడమ దగ్గరికి. మధ్యలో చెయ్యి ఎత్తడు. తుడపడు. ఒకటే గీత. ఆ గీత మీద రంపె ఆడితే అడుగు తయారు. ఆరె పట్టి కుడితే చెప్పు తయారు.

గీయడం అయ్యాక రైతు కాలు కడుక్కుని లోపలికి పోయేవాడు. నాయన చెయ్యి తగిలిన కాలుకి మైల. నాయన చేతులతోనే కుట్టిన చెప్పుకి మాత్రం మైల లేదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊళ్లో అందరి పాదాలూ నాయనకి తెలుసు. బురదలో అడుగు చూసి ఫలానా కామందు పొద్దున్నే మడికి నీళ్లు పెట్టడానికి పోయాడని చెప్పేవాడు. "మరి ఆయన మొగం ఎట్టుంటది నాయనా?" అని చిన్నప్పుడు అడిగాను. "మొగంతో మనకేం పనిరా" అన్నాడు. కోపంగా అనలేదు. వానెప్పుడొస్తుందో మనకేం తెలుసు అన్నట్టే అన్నాడు.

నేను బొమ్మలు నేర్చుకోవడమంటే ఆ పాదం దగ్గర నుంచి తలెత్తి మొహం దాకా రావడమే. అది ఒక్క రోజులో జరగలేదు. రోజూ జరిగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

బళ్లో డ్రాయింగు అంటే మామిడికాయ, కూజా, తామరపువ్వు. మాస్టారు బోర్డు మీద వేస్తే మేం దించాలి. మిగతా పిల్లల పుస్తకాలు చేతిలోకి తీసుకుని పెన్సిలుతో దిద్దేవాడు. నా దగ్గరికొచ్చేసరికి బెత్తం కొసతో చూపించేవాడు. "ఇక్కడ వంకర పోయింది, అక్కడ లావయింది." అట్లా బెత్తం కొసతోనే నాకు డ్రాయింగు వచ్చింది. మనిషి బొమ్మ మాత్రం ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా వెయ్యమనలేదు. మనిషి బొమ్మ కష్టమన్నాడు. కష్టమే. కానీ కూజా ఎవరి కూజా అయినా ఒకటే. మనిషిని గీయాలంటే ఎవర్ని గీయాలి అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మా బళ్లో ఎవరికీ అక్కర్లేదు.

పదో తరగతయ్యాక తెనాలి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాను. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. నాటకాలు, శిల్పాలు, చిత్రకారులు, అన్నీ ఉన్న ఊరు. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసైతే మాస్టారు ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే, ఫీజు డబ్బుల కోసం సాయంత్రాలు ఒక బోర్డులు రాసే షాపులో చేరాను. షాపు ఒక ముసలి సాయిబుది. మేస్త్రీ అని పిలిచేవాళ్లం. అప్పటికి ఫ్లెక్సీలు లేవు. బట్ట బ్యానర్లు, గోడ రాతలు, దుకాణాల రేకు బోర్డులు, అన్నీ చేత్తోనే. నా పని మొదట బ్రష్షులు కడగడం, తర్వాత అక్షరాల్లో రంగు నింపడం.

1991 అంబేద్కర్ శత జయంతి సంవత్సరం. అంతకుముందు ఏడాదే ఆయనకి భారతరత్న ఇచ్చారు. చుట్టుపక్కల మాలపల్లెలూ మాదిగపల్లెలూ అన్నీ బాబాసాహెబ్ బొమ్మ అడిగాయి. విగ్రహం పెట్టుకునే స్తోమత లేనివాళ్లు గోడ మీద బొమ్మ వేయించుకున్నారు. డబ్బు తక్కువ కాబట్టి మేస్త్రి ఆ పని నాకు వదిలేశాడు. చిన్న ఫొటో మీద అరంగుళం గళ్లు కొట్టుకోవాలి. గోడ మీద అరడుగు గళ్లు కొట్టుకోవాలి. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించుకుంటూ పోవాలి. నీలం కోటు, ఎర్ర టై, కళ్లజోడు, చేతిలో పుస్తకం. మూడు నెలల్లో పదకొండు గోడల మీద వేశాను. జనం దండలు తెచ్చి కొబ్బరికాయలు కొట్టారు.

ఒకరోజు మేస్త్రి వచ్చి గోడ చూశాడు. "బాగా దించావు అబ్బాయ్" అన్నాడు. తర్వాత సున్నపు డబ్బా మీద కూచుని, "ఇప్పుడు మీ అమ్మని గియ్యి. గళ్లు లేకుండా" అన్నాడు. నాకు చెయ్యి కదల్లేదు. పొద్దున్నే చూసొచ్చిన మొగమే. ముక్కెట్లా ఉంటుందో గుర్తు రాలేదు. "రోజూ పది మందిని గియ్యి. మంచిగా వచ్చిందా చెడ్డగా వచ్చిందా నేనడగను. పది అయినాయా లేదా అని అడుగుతా" అన్నాడు. ఇన్నేళ్లలో బొమ్మల గురించి ఎవరూ నాకు ఇంతకంటే పెద్ద మాట చెప్పలేదు.

కాగితం ఎక్కడిది? హాస్టలు వార్డెను పారేసిన పాత రిజిస్టర్లు, రాసేసిన పరీక్ష పేపర్ల వెనకవైపు, పెళ్లి శుభలేఖల వెనక తెల్లభాగం. పెన్సిలు అరిగిపోతుందని బాల్ పెన్నుతో మొదలుపెట్టాను. అదే మేలయింది. బాల్ పెన్ను గీత తుడవడానికి లేదు. గీత తప్పితే పక్కన ఇంకో గీత వెయ్యాలి, ముందుకు పోవాలి. మా నాయన తోలు మీద బొగ్గు పెట్టినట్టే.

పొద్దున్నే రైల్వే స్టేషను, సాయంత్రం మార్కెట్టు. మొదటి నెల గీసినవన్నీ గోనెబస్తాలకి కాళ్లు చేతులు వచ్చినట్టున్నాయి. పుస్తకం చదివితే మనిషి ఎత్తు ఏడున్నర తలలు అని ఉంది. అంటే నెత్తి నుంచి గడ్డం దాకా ఎంతో కొలిచి, దానికి ఏడున్నర రెట్లు. ఆ పుస్తకంలో మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు, బట్టల్లేకుండా, తెల్లగా, ఏ పనీ లేకుండా. నేను గీస్తున్న ముఠా కూలీలు ఒక్కరూ అట్లా నిలబడలేదు. బస్తా మోస్తున్నవాడి తల భుజాల్లోకి దిగి ఉంటుంది. మోయనప్పుడు గొంతుక్కూచుంటాడు. గొంతుక్కూచున్న మనిషి ఎన్ని తలలు? పుస్తకంలో లేదు. పెన్సిలు చాచి, ఒక కన్ను మూసి, నేనే కొలుచుకున్నాను. నాలుగు తలలకి ఇటో అటో. మోకాళ్లు చంకల దాకా వస్తాయి. మడమలు పూర్తిగా నేలకి ఆనతాయి. చేతులు మోకాళ్ల మీద నుంచి ముందుకి వేలాడతాయి. మా వాళ్లు సగం జీవితం కూచునే తీరు ఇది. అన్నం తినేది ఇట్లాగే, చుట్ట కాల్చేది ఇట్లాగే, పంచాయితీలో తీర్పు వినేదీ ఇట్లాగే. దాన్ని నేర్పిన పుస్తకం నాకు దొరకలేదు. కాబట్టి ఆ ఒక్క భంగిమే రెండు నెలలు గీశాను.

రోజూ గీస్తుంటే కొన్ని సంగతులు వాటంతటవే తెలుస్తాయి. మనిషి కదులుతుంటే ముందు మొహం జోలికి పోకూడదు. అరనిమిషంలో వెన్నెముక గీత ఒకటి, భుజాల గీత ఒకటి, నడుము గీత ఒకటి వేసుకోవాలి. ఆ మూడు గీతల్లో మనిషి ఏం చేస్తున్నాడో తెలియాలి. నిలబడ్డ మనిషి గొంతు గుంట దగ్గర నుంచి తాపీమేస్త్రి గుండు వేలాడదీసినట్టు నిట్టనిలువు గీత ఊహించుకుంటే, అది బరువు మోస్తున్న పాదం దగ్గర పడుతుంది. పడకపోతే బొమ్మలో మనిషి తూలిపోతున్నట్టే. చెయ్యి గీయడం రాకపోతే, చేతికీ నడుముకీ మధ్య ఉన్న ఖాళీ ఏ ఆకారంలో ఉందో గీస్తే చెయ్యి వచ్చేస్తుంది. వేళ్లు ఒక్కొక్కటి గీయకూడదు. ముందు నాలుగు వేళ్లూ ఒక తొడుగులాగా, తర్వాత బొటనవేలు. ఇవన్నీ మేస్త్రి అప్పుడప్పుడు చెప్పినవి, ఎక్కువగా చెయ్యి చెప్పినవి.

కానీ ఏ పుస్తకంలోనూ లేని కొలత ఒకటి నాకు మా ఊళ్లోనే దొరికింది.

మా పెదనాయన డప్పు కొడతాడు. శెలవలకి ఇంటికి పోయినప్పుడు ఆయన్ని వాడలో గీశాను. డప్పు కాచుకుని, ఎడమ భుజానికి తగిలించుకుని, తలపాగా చుట్టుకుని నిలబడితే మెడ నిటారుగా, ఛాతీ ముందుకి. కొలిస్తే ఏడు తలలు. అదే సాయంత్రం ఆయన ఊరి బజారులో కామందు ఎదురుగా నిలబడి ఉన్నాడు. దూరం నుంచి గీశాను. తలపాగా విప్పి చంకలోకి వచ్చింది. భుజాలు ముందుకి మడుచుకున్నాయి. మెడ లోపలికి పోయింది. మోకాళ్లు కొంచెం వంగాయి. కొలిస్తే ఆరున్నర తలలు. అదే మనిషి, అదే రోజు. వాడ నుంచి బజారుకి రెండు వందల గజాలు. ఆ రెండు వందల గజాల్లో మనిషి అరతల ఎత్తు పోగొట్టుకున్నాడు.

కులం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాను. కానీ కులం వొంట్లో ఎక్కడ కూచుంటుందో నాకు చూపించింది ఆ రెండు బొమ్మలే. అది మెడ వెనక, భుజాల మధ్య కూచుంటుంది.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. తెనాలికి దగ్గరే. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటు వాళ్లకి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కాలు సంగతి విన్నప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. వాళ్ల కాలు మా చేతుల్లో పెడితే అది ఆచారం. మా కాలు వాళ్లకి తగిలితే హత్య.

ఊరొదిలిన జనం తెనాలి వచ్చి తలదాచుకున్నారు. హాస్టలు పిల్లలం అన్నం పొట్లాలు మోశాం. పత్రికల్లో చనిపోయినవాళ్ల ఫొటోలు వచ్చాయి. మా వాళ్ల మొహాలు పత్రికల్లో అంత పెద్దగా రావడం నేను అప్పుడే చూశాను. బతికున్నంత కాలం ఆ మొహాలు ఏ కాగితం మీదా ఎక్కలేదు. ఆ రోజు నుంచి నా పుస్తకంలో ప్రతి బొమ్మ కింద తేదీ వేయడం మొదలుపెట్టాను.

ఆ తేదీలు తర్వాత పనికొచ్చాయి. మా ఊరి టీ హోటల్లో మాకు వేరే గ్లాసులు. చూరుకి గుచ్చిన పుల్లలకి బోర్లించి ఉండేవి. తాగాక మేమే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. శెలవల్లో రోజూ ఎదురుగా వేపచెట్టు కింద కూచుని ఆ హోటలు గీశాను. బల్ల మీద కూచున్నవాళ్లు, బయట నిలబడ్డవాళ్లు, లోపలి గ్లాసులు, చూరు గ్లాసులు. బల్ల మీద కూచున్నవాళ్లలో ఒక పెద్ద కామందు ఉన్నాడు. ఆయన మొహం నాకు బాగా కుదిరింది. దవడ కింద ముడత, చెవి మీద వెంట్రుకలు, అన్నీ.

ఎవరో చేరేశారు. ఆయన లేచి వచ్చి పుస్తకం లాక్కుని చూశాడు. తనని గుర్తుపట్టాడు. "నా మొగం నీ పుస్తకంలోకి ఎట్టా వచ్చిందిరా?" అన్నాడు.

ఆ ప్రశ్న గురించి నేను చాలాకాలం ఆలోచించాను. బొమ్మ బాగాలేదని కాదు ఆయన కోపం. బాగుందనే. ఒక మాదిగ పిల్లోడు తన మొహం వంక పావుగంట చూశాడు. దించిన తల ఎత్తకుండా పోవాల్సినవాడు దవడ కింద ముడత దాకా చూశాడు. మమ్మల్ని వాళ్లు ఎంతసేపైనా చూడొచ్చు. పొలంలో వొంగిన మా ఆడవాళ్లని గట్టు మీద నిలబడి పొద్దస్తమానం చూస్తారు. తిరిగి చూడటం మాత్రం నేరం.

పద్నాలుగు పేజీలు చింపి బురదలో తొక్కాడు. మా నాయన్ని పిలిపించి నానా మాటలూ అన్నాడు. నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ పక్కనే నిలబడ్డాను, చేతులు కట్టుకోకుండా. ఆ రాత్రి కిరసనాయిలు దీపం ముందు కూచుని పద్నాలుగు పేజీలూ మళ్లీ గీశాను. ఎదురుగా ఎవరూ లేకుండానే వచ్చాయి. రోజూ చూసి గీసేవాడికి చూడనప్పుడు కూడా గుర్తుంటుంది. సాధన అంటే అదే. నాయన దీపం వత్తి పైకి ఎగదోసి పక్కన కూచున్నాడు. చివరి బొమ్మ చూసి, "వాడే. కాలు కూడా ఎయ్యి. ఎడం బొటనేలు కొంచెం వంకర" అన్నాడు. వేశాను.

తర్వాత సంఘం వాళ్లు విచారణకి వస్తే హోటలు యజమాని "మా దగ్గర అట్టాంటివేం లేవండీ" అన్నాడు. తేదీలతో ఉన్న బొమ్మలు చూపించాం. కోర్టుకి అవి సాక్ష్యం కాకపోవచ్చు. ఊరికి మాత్రం సరిపోయాయి. చూరు గ్లాసులు పోయాయి. వాటి స్థానంలో ప్లాస్టిక్ కప్పులొచ్చాయి. అందరికీ కాదు, మాకే.

ఇక మా అమ్మ. ఆమె నాకు కూచోలేదు. "నా మొగమేం మొగమని గీత్తావురా? పోయి ఆ సినిమా వాళ్లని గీసుకో" అనేది. సిగ్గు కాదది. నలభై ఏళ్లొచ్చినా ఆమె మొహం వంక ఎవరూ ఆగి చూడలేదు. అద్దం కూడా మా ఇంట్లో అరచేయంత. నుదుటి బొట్టు కనిపిస్తే గడ్డం కనిపించదు. నాట్లలో గీద్దామంటే వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ వీపులే తప్ప మొహాలు లేవు. అందుకని బియ్యంలో రాళ్లేరేటప్పుడు గీశాను. చేటలోకి వొంచిన తల. ఒక రోజు నుదురు, ఒక రోజు చెంప, ఒక రోజు పెదవి పక్కన గీత. ఇరవై మూడో రోజున మొత్తం మొహం వచ్చింది.

చూపించాను. అమ్మ చేట పక్కన పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం పట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. "ఇది నేను కాదురా. మా అమ్మ" అంది.

అమ్మమ్మని నేను చూడలేదు. ఆమె ఫొటో లేదు. కలరాలో పోయిందంటారు, ఏ సంవత్సరమో తెలీదు. ఆమె ఎట్లా ఉండేదో ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కదానికే తెలుసు. అమ్మ ఆ కాగితాన్ని బియ్యపు డబ్బాలో దాచింది. పండగలకి బయటికి తీసి దాని ముందు అన్నం ముద్ద పెట్టేది. నేనెప్పుడూ అది నీ బొమ్మ అని సరిచెయ్యలేదు. మా కులంలో ఎంతమంది అమ్మమ్మలు ఇట్లా మొహం లేకుండా పోయారో ఎవరు లెక్కపెట్టాలి? పెద్ద ఇళ్ల హాల్లో నాలుగు తరాల పెద్దల పటాలు వరసగా వేలాడతాయి. మా ఇళ్లల్లో తాతతోనే చరిత్ర ఆగిపోతుంది.

చాలా ఏళ్ల తర్వాత చిత్తప్రసాద్ బొమ్మలు చూశాను. 1943 బెంగాల్ కరువులో మిడ్నపూర్ జిల్లా అంతా నడిచి తిరుగుతూ ఆకలి మనుషుల్ని గీసినాయన. 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకం వేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ఐదు వేల ప్రతులు పట్టుకుని నాశనం చేసింది. బాపనింట పుట్టి, భట్టాచార్య అనే తోక తీసేసుకున్నాడు. నన్ను ఆపేసింది ఆయన గీత కంటే ముందు ఒక చిన్న పద్ధతి. తను గీసిన మనుషుల పేరు, ఊరు రాసుకునేవాడు. ఆకలి అనే బొమ్మ కాదు, ఫలానా ఊరి ఫలానా మనిషి. మా పల్లెల్లో తిరిగి 'శ్రామిక స్త్రీ', 'గ్రామీణ వృద్ధుడు' అని పేర్లు పెట్టి బొమ్మలమ్ముకున్న చిత్రకారుల్ని నేను చూశాను. వాళ్ల రంగులు బాగుంటాయి. కానీ ఆ ముసలాయనకి ఒక పేరుంది కదా? అడిగితే చెప్పేవాడు కదా? అప్పటి నుంచి తేదీ పక్కన పేరు రాయడం మొదలుపెట్టాను. పేరు అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడితే మొహం మారుతుంది. అప్పుడు గీసే బొమ్మ వేరు.

చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు విన్న రోజు పాత పుస్తకాలన్నీ బయటికి తీసి చూసుకున్నాను. మా వాళ్లు చూసిన చూపుకి ఈ దేశంలో విలువెంత అనిపించింది. చూశామని చెప్పడానికి మనకి ఇంకా ఎన్ని తరాలు కావాలి? కోర్టులు నమ్మినా నమ్మకపోయినా చూడటం మానకూడదని మాత్రం ఆ రోజు గట్టిగా అనుకున్నాను. ఆ రోజు కూడా పది బొమ్మలు వేశాను.

ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయింది. మేస్త్రి పోయాడు. నేను హయ్యరు పాసై డ్రాయింగు మాస్టారునయ్యాను. మామిడికాయ, కూజా నేనూ నేర్పాను, సిలబస్సు కాబట్టి. వారంలో ఒకరోజు మాత్రం పిల్లల్ని ఎదురెదురుగా కూచోబెట్టి ఒకరినొకరు గీయమనేవాణ్ణి. రెండు వాడల పిల్లలూ కలిసి కూచోవాలి. ఊరి పిల్లోడు మా వాడ పిల్ల మొహం వంక పావుగంట చూడాలి. ఆ పిల్ల వాడి వంక పావుగంట చూడాలి. తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేశారు. సిలబస్సులో లేదని రాతపూర్వకంగా ఇచ్చారు. నేను ఆపలేదు.

ఇప్పుడు మా వాడ చర్చి వరండాలో ఆదివారం సాయంత్రం పది పన్నెండు మంది పిల్లలు వస్తారు. అందరి ఇళ్లల్లో ఫోన్లున్నాయి, ఫొటోలకి కొదవలేదు. ఇంకా గీయడం ఎందుకని ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. ఫోను క్షణంలో తీస్తుంది. క్షణం చూసినవాడికి మొహం తెలుస్తుంది. పావుగంట చూసినవాడికి మెడ ఎందుకు వంగిందో తెలుస్తుంది. ఆ ఎందుకు తెలియకుండా ఉద్యమం చెయ్యలేం. ఆడపిల్లలు మొదట్లో నవ్వుతారు, కళ్లు దించుకుంటారు. మూడో వారానికి దించుకోరు. బొమ్మ కుదిరినా కుదరకపోయినా నాకు ఆ సంగతి చాలు.

ఇది చదివే విద్యార్థులకి నేను చెప్పేది చాలా చిన్నది. కళాశాల కోసం ఆగొద్దు. మంచి కాగితం కోసం ఆగొద్దు. ఒక నోటుబుక్కు, ఒక బాల్ పెన్ను. రోజుకి పది మంది. మీ వాడతో మొదలుపెట్టండి. ముసలివాళ్లని ముందు గీయండి, వాళ్లు ఎక్కువ రోజులుండరు. పేరు అడగండి. పేరు, ఊరు, తేదీ కింద రాయండి. తర్వాత ఊళ్లోకి పోండి. అక్కడ కూడా మొహాలే గీయండి.